గుడ్డు దుప్పటి కప్పుకున్న అన్నం

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు ఇంటికి లోకమంతా కువైట్ ఫోన్లలోంచే వచ్చేది. ఓమురైస్ అనే మాటను మా గడపలోకి మొదట తెచ్చింది ఎదురింటి పూలక్క. ఆమె భర్తా, మా అన్నా అక్కడ ఒకే గదిలో ఉండేవాళ్లు. "ఏమ్మే, మీ అన్న వచ్చేస్తాండాడంట! దొరల గుడ్డట్టును జపానోళ్లు అన్నానికి దుప్పటి మాదిరి కప్పుతారంట, అది వండేది నేర్చుకున్యాడంట" అంది. పసుప్పచ్చ దుప్పటి కింద నిద్రపోయే అన్నాన్ని తలుచుకుంటూ ఎన్ని పూటలు పాలు పొంగబెట్టానో!

అన్న వచ్చి, ప్రొద్దుటూరులో తిండి బండి పెట్టుకుని ఇక్కడే ఉండిపోతానన్నాడు. నాయన తల అడ్డంగా ఊపాడు. "శుక్రవారం నమాజు చేసుకోనొస్తా, వండిపెట్టు. బాగుంటే ఉండు, లేకుంటే మళ్లా కువైట్‌కు పో" అన్నాడు. అమ్మ కొంగు ఆ మాటతో తడిసింది, ఆరలేదు.

ఆ మధ్యాహ్నం వంటిల్లంతా వెన్న వాసన. టొమాటో సాస్‌తో ఎర్రబడిన అన్నం, కోడి ముక్కలు, పైన మెత్తగా వణికే గుడ్డు. తినేవాళ్ల పేరు సాస్‌తో పైన రాస్తారట. "నీ రాత బాగుంటాది, నాయన పేరు రాయి" అని అన్న సీసా నాకిచ్చాడు. నేను బడికి పోలేదు, నాయన తల్లి, మా జేజే ఇంట్లో అక్షరాలు దిద్దించింది. ఏ కాగితం మీదైనా ముందు 786 (దేవుడి పేరుకు మా ఇళ్లలో అది గుర్తు) వేయనిదే అక్షరం రాయనిచ్చేది కాదు. చెయ్యి దాని అలవాటున అది పోయింది. గుడ్డు నిండా 786 వేశాక గానీ నాయన పేరుకు చోటు లేదని తెలియలేదు.

నమాజు నుంచి వచ్చి కూర్చున్న నాయన ఎత్తిన స్పూను అట్లే ఆగింది. "దేవుని గుర్తును ఎట్ల కోసేది?"

కోయకూడదు, పారేయకూడదు. అన్నం చల్లారుతోంది. "నీ చేతులిరగ! నన్ను మళ్లా విమానం ఎక్కిస్తాండావు గదే" అని నా చెవిలో అన్న ఏడుపు.

జేజి ముందుకు జరిగింది. "జరమొచ్చినప్పుడు పింగాణీ తట్టలో కుంకుంపువ్వుతో దేవుని మాట రాసి, కడిగిన నీళ్లు తాపలేదా నీకు? అది యాడికి పోయిందిరా? నోరు తెరువు" అంటూ గుడ్డును చిరగకుండా ఎత్తి మడిచి, బిస్మిల్లా అని నాయన నోట్లో పెట్టింది. తల్లి చేతి ముద్ద, అందులో దైవం. ఉమ్మలేడు, బాగలేదనలేడు. (తియ్యని సాస్ ఆయనకు గిట్టదు.) కళ్లు మూసుకుని చాలాసేపు నమిలాడు.

"శానా సప్పగుంది. బండిలో మాత్రం ఎర్రకారం ఎయ్యి."

బండి! అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

దేవుడి దయవల్ల అన్న ఇప్పటికీ ప్రొద్దుటూరులోనే ఉన్నాడు. ఆనాడు గుడ్డు నిండా 786 వేసిన ఆ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వూ, ముద్దూ రెండూ వస్తాయి. జేజి లేదు. మీ ఇంట్లో ఎవరికైనా చేత్తో ముద్ద పెట్టేటప్పుడు, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.