జబ్బార్ సాబ్ గది

పోయిన ఆదివారం వనపర్తిలో మా చర్చి ఆరాధన మొదలయ్యాక ఒక చెల్లెమ్మ ఆలస్యంగా వచ్చి, మా వరుస పక్కగా నడిచి వెళ్లి స్త్రీల వైపు చాప మీద కూర్చుంది. కొత్త గద్వాల చీర కట్టుకుంది. గంజి ఇంకా వదలని నూలు వాసన, దాని వెనకనే పట్టు వాసన నా ముక్కుకు తగిలాయి. పాట పాడుతున్న నోరు ఆగలేదు గానీ, మనసు మాత్రం గద్వాల కోట వెనకనున్న ఒక సందులోకి వెళ్లిపోయింది. ఆరాధనలో మనసు అలా పక్కకు పోతే మామూలుగా నేను లోపల క్షమాపణ అడుక్కుంటాను. ఆ రోజు అడగలేదు. ఆ సందులో జబ్బార్ సాబ్‌ను నాకు చూపించింది కూడా దేవుడేనని నా నమ్మకం.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. డిగ్రీ చేతిలో ఉంది, పని లేదు. మా నాన్న వనపర్తి పక్క పల్లెల్లో వాక్యం చెప్పే మనిషి. అన్నం ముందు ఒక వాక్యం అప్పజెప్పనిదే కంచంలో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. గద్వాలలో చేనేత కార్మికుల సొసైటీకి లెక్కలు రాసే గుమాస్తా కావాలని తెలిసి, మోకరించి ప్రార్థన చేసుకుని బస్సెక్కాను. సొసైటీ మేనేజరు జబ్బార్ సాబ్. సన్నటి మనిషి, గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, దారంతో మెడకు కట్టుకున్న కళ్లద్దాలు. నా కాగితాలు చూసి పక్కన పెట్టేశారు.

“బీకాం సరే బేటా. ఇంటికాడ ఏం చదివినవ్?”

“లేఖనాలు సార్. నాన్న చదివిపిస్తడు.”

“గట్లయితే పర్వాలేదు. దొంగలెక్క రాస్తే నీకే నిద్ర పట్టదు. నేను కావలి కూసోనవసరం లేదు,” అని నవ్వి, అక్కడికక్కడే కుర్చీ చూపించారు. నాకు దొరికిన మొదటి ఉద్యోగం అలా దొరికింది.

ఆ కార్యాలయం పాత మిద్దె ఇల్లు. ముందు ఒక పొడుగాటి గది, దానికి నాపరాళ్ల నేల. గోడల వెంట చీరల బీరువాలు. సాబ్‌కు వేరే గది లేదు. కిటికీ దగ్గర ఒక బల్ల, అంతే. మధ్యాహ్నం నమాజు వేళకు ఆయన రెండు బీరువాల వెనక, గోడకూ ఇనుముకూ మధ్యనున్న ఇరుకులోకి దూరేవారు. నుదురు నేలకు ఆనించే సజ్దాకు వంగితే మోచేయి బీరువాకు తగిలి టంగుమనేది. ఆ చప్పుడు వినగానే చీరలు తెచ్చిన నేతగాళ్లు మాట తగ్గించేవాళ్లు. బయటికి వచ్చేసరికి ఆయన భుజానికి సున్నం అంటుకుని ఉండేది. ఆయన దులుపుకుంటూ మళ్లీ బల్ల దగ్గర కూర్చునేవారు. ఆ ఇరుకు గురించి ఫిర్యాదు మాత్రం నేనెన్నడూ వినలేదు.

నేను చేరిన కొన్నాళ్లకు ఇంటి యజమాని ఇల్లు పడగొట్టి దుకాణాలు కట్టుకుంటానని, వానకాలం ముగిసేలోపు ఖాళీ చేయమని చెప్పాడు. పాలకవర్గం కూర్చుని బస్టాండుకు దగ్గరలో ఒక హాలు అద్దెకు తీసుకుంది. మార్పులకూ సామాను తరలించడానికీ కొంత మొత్తం మంజూరు చేసి, అంతకు మించి పైసా లేదని చెప్పింది. అంచనా తయారు చేసే పని సాబ్‌కూ నాకూ పడింది. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవాలనే బోధ నేను చిన్నప్పటి నుంచి విన్నదే. ఎలా కూర్చోవాలో మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేను కొనవలసినవి రాయడం మొదలుపెట్టగానే ఆయన నా కలం పట్టుకుని ఆపారు.

“ఉన్నయి ముందుగాల రాయి. లేనియి ఎట్లనన్న రాస్తవ్. మన తాన రెండు మంచి తలుపులున్నయి, ఈ ఇల్లు కూలగొట్టేటోడు ఎట్లాగు పడేస్తడు. అడుగుదాం.”

అలా పాత తలుపులు, పాత పంకాలు, ఇంకా గట్టిగా ఉన్న అరలు అంచనాలో మొదట ఎక్కాయి. ఆ తర్వాత నేను కొంచెం జంకుతూ ఒక మాట చెప్పాను.

“మా ఇంట్ల పైసలు రాంగనే పదో వంతు పక్కకు తీస్తరు సార్. మిగిలిందాంట్లనే ఇల్లు నడుస్తది.”

“మా తాన జకాత్ ఉంది. అది గరీబోళ్ల సొమ్ము. మరి ఈ అంచనాల పదో వంతు ఎవరిది?”

“ఏం వచ్చి పడ్తదో తెల్వదు గద సార్, దానిది.”

“మంచిగ చెప్పినవ్. పక్కకు పెట్టు. నేనడిగినా ఇయ్యకు.” ఆయన అడగలేదు. పని సగంలో ఉండగా వాన పడి హాలు కప్పు కారింది, అదీ చీరల అరలు రావలసిన చోటే. పక్కకు పెట్టిందంతా ఆ కప్పు మింగేసింది.

హాలు నమూనాను సాబ్ స్వయంగా గోధుమరంగు కాగితం మీద గీశారు. ఒక పక్క అరలు, ఒక పక్క బల్లలు, వ్యాపారులకు కుర్చీలు, చివరన ప్లైవుడ్ గోడతో ఒక చిన్న గది. ఆ గది గీతలను మిగతా వాటికన్నా నెమ్మదిగా గీశారు. “ఇదేంది సార్?” అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“నా కమ్రా. చాన ఏండ్ల సంది బీరువా ఎన్క నిలబడ్త. అల్లా వినడని గాదు, వింటడు. నాకే, వెనకంగ ఎవరన్న వస్తుండ్రా అని ఒక చెవు ఇటే ఉంటది. ఒక్క తలుపుంటే, మూస్కుంటే చాలనిపిస్తది బేటా.”

పాలకవర్గంలో ఎవరూ కాదనలేదు. అధ్యక్షుడు నర్సింలన్న స్వయానా నేతగాడు, సాబ్‌ను ఆటపట్టించకుండా పది నిమిషాలు కూర్చోలేడు. ఆయన కూడా “మా సాబ్‌కు రూమొస్తే ఇగ మేం సలాం గొట్టి లోపలికి రావాల్నేమో,” అంటూనే వేలిముద్ర వేసినంత గట్టిగా సంతకం పెట్టాడు. ప్లైవుడ్ గోడ లేచింది. తలుపు బిగించిన రోజు సాబ్ దాన్ని తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూశారు. ఇంట్లో బేగంసాబ్ ఆ తలుపుకు ఆకుపచ్చ పరదా కుట్టిందని నాతో చెప్పినప్పుడు ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా ఉంది.

సామాను ఇంకా తరలించలేదు. ఒక రాయచూరు వ్యాపారి తొందరగా వెళ్లాలంటే, కొత్త హాలు బస్టాండుకు దగ్గర గదా అని, అక్కడికే ఒక చీర తీసుకుని నర్సింలన్నా, సాబూ, నేనూ వెళ్లాం. బల్లలు అప్పటికే చేరి ఉన్నాయి. గద్వాల చీరకు పొట్ట నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట లాగుడు ఉందో లేదో చూడాలంటే చీర మొత్తం నేల మీద వదులుగా పరుచుకోవాలి. పాత ఇంట్లో తెల్ల దుప్పటి పరిచి, ఒకరు కొంగు పట్టుకుని నిలబడితే ఇంకొకరు రెండో కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచేవారు. అది ఎంత మామూలు పనంటే, ఊపిరి తీసుకోవడాన్ని ఎవరూ పనుల పట్టీలో రాయరు గదా, మేమూ రాయలేదు. ఆ రోజు నర్సింలన్న కొంగు పట్టుకున్నాడు. సాబ్ అలవాటు ప్రకారం వెనక చూడకుండా నడిచారు. చీర ఇంకా నర్సింలన్న చేతిలో మడతల మీద ఉండగానే సాబ్ వీపు తన గది తలుపుకు కొట్టుకుంది.

నర్సింలన్నే ముందు తేరుకున్నాడు. “ఏం సాబ్, రూము ఎట్లుందో వీపుతోని చూస్తుండ్రా?”

సాబ్ నవ్వలేదు. చీర వైపూ, బల్లల వైపూ, వెనకనున్న తలుపు వైపూ చూశారు. “నేల మర్సినం నర్సింలూ,” అన్నారు.

ఆ వ్యాపారి చీరను బల్ల మీద ముక్కలు ముక్కలుగా చూసి తీసుకున్నాడు. అతడు వెళ్లాక ముగ్గురం చాలాసేపు మార్గాలు వెతికాం. బల్లలు తీసేస్తే లెక్కలు ఎక్కడ రాయాలి? వరండాలో పరిస్తే బస్సుల దుమ్ము. గోడ జరపడానికి మంజూరైన దాంట్లో మిగిలిందేమీ లేదు. నర్సింలన్న గొంతు మార్చి, మెల్లగా అన్నాడు.

“ఉండనీ సాబ్. మేం మడత మీదనే చూపిస్తం. నీ రూము ముట్టుకోకు.”

“మడత మీద చూస్తే మడతలున్న తప్పు నాకు అవుపడదు. రేపు అది షావుకారికి అవుపడ్తది. ఎవరి కూలి కోయాలె అప్పుడు? నీదా, నీ తమ్మునిదా?”

సాబ్ ఆ రోజు ఏ నిర్ణయమూ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నేను నా గదిలో ఆయన కోసం ప్రార్థించాను. ఆయన గది ఆయనకు మిగలాలనే ప్రార్థించాను. లేఖనాల్లో దావీదు రాజు గుడి కట్టాలని ఆశపడితే దేవుడు వద్దన్నాడని తెలిసినా, ఒక మనిషి తలుపు మూసుకుని మోకరించాలనుకోవడంలో ఏం అడ్డం వచ్చిందో నాకు అర్థం కాలేదు.

శుక్రవారం మసీదు నుంచి సాబ్ సూటిగా హాలుకు వచ్చారు, వెంట ఆ గోడ కట్టిన వడ్లాయనను తీసుకుని. “ఇప్పు,” అన్నారు. వడ్లాయన బెదిరిపోయాడు. “పని మంచిగ చెయ్యలేదా సాబ్?” అంటే, “చాన మంచిగ చేసినవ్, అందుకే పలకలు పగలకుండ ఇప్పు,” అన్నారు. ఆ ప్లైవుడ్ చీరల అరలకు తలుపులైంది. అంచనాలో ‘మేనేజరు గది’ అన్న చోట కొట్టేసి ‘చీరలు పరిచే నేల’ అని రాయమని నాతో చెప్పారు. రాస్తూ నేను ఆగాను.

“మరి మీ నమాజ్, సార్?”

“నాకు కమ్రా రాసిపెట్టి లేదు, ఏం చేస్తం? పరదా మాత్రం బేగం వాపస్ తీస్కోదంట. వంటింటికి కట్టింది.” తేలిగ్గా అనాలని ప్రయత్నించారు. అంత తేలిగ్గా రాలేదు. ఆ తర్వాత రెండు రోజులు ఆయన నాతో కూడా అవసరానికే మాట్లాడారు. అంత పెద్ద మనసున్న మనిషికీ బాధ వేస్తుందని, బాధ వేసినంత మాత్రాన మనసు చిన్నది కాదని నాకు అప్పుడు తెలిసింది.

కొత్త హాలులో మొదటి సోమవారం నేతగాళ్లంతా చీరలతో వచ్చారు. తెల్ల దుప్పటి పరిచారు. కొంగు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నారు, వెనక్కి నడిచేవాళ్లు నడిచారు, ఎవరి వీపూ దేనికీ తగల్లేదు. మధ్యాహ్నం అయింది. సాబ్ లేచి, చేతులు కాళ్లు కడుక్కుని వచ్చి, అలవాటుగా బీరువాల వైపు అడుగు వేసి నిలబడిపోయారు. నేల ఎక్కువ కావాలని బీరువాలను గోడకు ఆనించేశాం. వెనక సందు లేదు. ఆయన అడుగు ముందుకూ వేయలేదు, వెనక్కీ రాలేదు. తడి చేతులు అలాగే ఉన్నాయి.

నర్సింలన్న ఆయన వైపు చూడనే లేదు. చేతిలోని చీర మడిచాడు. పక్కవాళ్లూ మడిచారు. దుప్పటి దులిపి, శుభ్రంగా ఉన్న వైపు పైకి వచ్చేలా మళ్లీ పరిచి, చేతులు దులుపుకున్నాడు.

“బీడీ తాగొస్తం సాబ్. జర సేపైతది.”

అందరూ అతని వెంట బయటికి నడిచారు. వాళ్లలో సగం మంది ఎన్నడూ బీడీ ముట్టనివాళ్లు. నేనూ లేవబోతే సాబ్ ఆపారు. “నువ్వు కూసో బేటా. నీ లెక్క నువ్వు చూస్కో.” ఆయన ఆ తెల్ల దుప్పటి మధ్యలో, నాలుగు వైపులా చోటు ఉండగా, నిలబడ్డారు. నేను బల్ల మీద తల వంచుకున్నాను. నా ప్రార్థనలో మాటలేమీ రాలేదు. మాటలు లేకపోయినా అది ప్రార్థనేనని ఆ మధ్యాహ్నం నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. వాళ్లు వరండాలో గోడకు ఆనుకుని, ఒక్క బీడీ వెలిగించకుండా, మగ్గాల ముచ్చట చెప్పుకుంటూ నిలబడ్డారు. ఆ తర్వాత నేను అక్కడున్నన్నాళ్లూ చీరలు తెచ్చే ప్రతి సోమవారం ఆ వేళకు వాళ్లకు బీడీ గుర్తొచ్చేది.

సాబ్ ఇప్పుడు లేరు. నేను వనపర్తికి వచ్చి, సంఘంలో పెద్దనై, ఎవరింట్లో జబ్బు చేసినా చూడటానికి వెళ్లే పని నా మీద వేసుకున్నాను. ఈ మధ్య నాగర్‌కర్నూల్ దవాఖానలో మా సంఘం తమ్ముడొకడు, జబ్బుపడ్డ తన భార్య మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. మోకరించాలని ఉంది, నేనున్నానని సిగ్గు. నేను లేచి, “బీడీ తాగొస్త తమ్మీ, జర సేపైతది,” అని చెప్పి బయట మెట్ల మీద కూర్చున్నాను. ఎంతో కాలంగా నేను ఇలాగే చేస్తున్నాను. నేను బీడీ తాగుతానన్న మాట ఎలా పాకిందో పాకింది. పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, నొప్పించకుండా, ఈ అలవాటు ఎప్పటి నుంచని అడిగారు.

“గద్వాల కాడ్నుంచి అయ్యగారూ,” అన్నాను.