ముసుగు కొంటే గుద్దు ఉచితం

ఎల్లారెడ్డి ఊరి వారపు అంగడికి సూపర్‌హీరోను తెచ్చింది నేనే. ఆ రోజు జనాన్ని చూసి కామారెడ్డి బస్సులు కూడా ఆగిపోయాయి. బస్సులన్నది కొంచెం ఎక్కువే. ఒక ఆటో ఆగింది, అదీ పంక్చరై.

వీరుల ముసుగులు, మెడకు కట్టుకునే ఎర్ర గుడ్డలు కామారెడ్డిలో టోకున కొని అంగడిలో అమ్మేవాణ్ణి. బేరాలు లేక, దుబాయి నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మా వాడకట్టు మనిషిని కూలికి పిలిచాను. వీరుడి వేషం తొడిగి దుకాణం ముందు నిలబెట్టాను. ఆ రబ్బరు ముసుగుకు నోటి దగ్గర సందు లేదు. తన బిడ్డకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వొద్దని అతను ముందే బతిమాలుకున్నాడు.

నేను మైకు అందుకున్నాను. "ముసుగు కొన్నోళ్లకు ఒక గుద్దు ఫ్రీ. ఎంత గుద్దినా ఈనకు నొయ్యది."

పిల్లలు వరుస కట్టారు. అమ్మమ్మ ముసుగు కొనిస్తే అతని బిడ్డ కూడా వచ్చి నిలబడింది.

"గట్టిగ గుద్దు బిడ్డా" అన్నాను.

రెండు పిడికిళ్లూ కలిపి కడుపులో గుద్దింది. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. బిడ్డకు తెలియకూడదని అతను నోరు మెదపలేదనీ, అసలు వీరుడు అతనేననీ ఇన్నాళ్లూ అందరికీ చెబుతున్నాను.

ఇదంతా రాసి నిన్న చదివి వినిపిస్తే, మా ఆవిడ బీడీ ఆకు కత్తిరిస్తూ అంది:

"నోరు మెదపలేదా? 'నా బిడ్డ వస్తున్నది, ఇగ ఆపు' అని మొత్తుకున్నడు. పక్కనున్న నాకు ఇనవడ్డది. నువ్వే మైకు సౌండు పెంచినవ్."