కుడివైపు కిటికీ

పదకొండేళ్లుగా నేను ఒక కిటికీ బరువు మోస్తున్నాను. నవ్వకండి. కాగితం మీద గీసిన రెండడుగుల కిటికీకి ఏం బరువుంటుందని నేనూ అనుకున్నాను. అలా అనుకునే ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు తెలియదు, మా ఆయనకు తెలియదు. మీరు నన్నెరుగరు, నేను మిమ్మల్నెరుగను. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక.

నేను కరీంనగర్‌లో ఆర్కిటెక్చర్ చదివాను. నాలుగో ఏడాది డిజైన్ స్టూడియో అంటే బెంచీ మీద కూర్చుని పాఠం వినడం కాదు. సెమిస్టరంతా ఒకే కట్టడం మీద పనిచేయాలి, గీసింది గోడకు పెట్టాలి, సార్ వచ్చి అందరి ముందూ దాన్ని చీల్చి చెండాడాలి. ఆ ఏడు మాకిచ్చింది నేత కుటుంబానికి ఇల్లు. మరమగ్గాలు, వంట, పడక అన్నీ ఒకే కప్పు కింద. మా సార్‌ది ఒక పట్టు. అలాంటి ఇంట్లో ఒక రోజు గడపకుండా గీత గీయొద్దనేవారు. చూసింది నోట్‌బుక్‌లో గీసుకోవాలి, ఆ నోట్‌బుక్ కూడా షీట్ల పక్కనే పెట్టాలి.

నాకు అలాంటి ఇల్లు ఒక్కటీ తెలియదు. పక్క టేబుల్ స్వరూపది అలాంటి ఇల్లే, హుస్నాబాద్ అవతల ఒక చిన్న ఊళ్లో. "మా ఇంటికి రావే, ఫికర్ జెయ్యకు" అని తీసుకుపోయింది.

వాళ్లమ్మ గడప దగ్గర కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. మగ్గంలోకి పోయే దారాన్ని చిన్న చిన్న కండెలకు చుట్టాలన్నమాట. పక్కగదిలో సాంచాలు చెవులు చిల్లులు పడేలా కొట్టుకుంటున్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. "గీ సప్పుడుకు తలకాయ నొస్తది బిడ్డా, జర అటు జరిగి కూసో" అందావిడ. జరిగి కూర్చున్నాను. రెండుసార్లు చాయ్ తాగాను, సర్వపిండి తిన్నాను, ఫోన్ చూసుకున్నాను. నా అధ్యయనం అంతే. స్వరూప మాత్రం తాను పుట్టి పెరిగిన ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టంలా, అన్నీ చూస్తూ గీస్తూనే ఉంది.

రెండు వారాల తర్వాత నోట్‌బుక్ తెరిచి నాకే ముందు చూపించింది. ఇంటి నడుమ గోడలో, మోకాలి ఎత్తున ఒక అరుగు. కండెలు చుట్టే మనిషి అక్కడ కూర్చుంటే ఎదురుగా పొయ్యి, ఎడమవైపు సాంచాల గది, కుడివైపు కిటికీ. మిగతా ఇల్లంతా ఆ అరుగు చుట్టూ సర్దుకుంది. "ఎప్పటికైనా అవ్వకు గిసొంటిది గట్టియ్యాల్నే" అంది. అవ్వంటే వాళ్లమ్మ. నాకు కడుపు మండింది. ఇంకో మాటెందుకు, మండింది. నా షీట్లు అప్పటికి ఖాళీ.

తర్వాతి వారం వాళ్లమ్మకు జ్వరమొస్తే స్వరూప ఊరికి పోయింది. నోట్‌బుక్ టేబుల్ మీదే ఉంది. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు దాని మీద, కింది గీతలు పైకి కనిపించే బటర్ పేపర్ పరిచాను. కొలతల కోసమేలే అనుకున్నాను. కొలతల కోసమే అయితే కిటికీ ఎందుకు దించాను? అరుగు ఎందుకు దించాను? చూచిరాత రాసేవాడు తప్పును కూడా వదలడంటారు, నేను పెన్సిల్ చెరిపిన మరక దాకా దించాను. రాత్రికి దాన్నే నా నోట్‌బుక్‌లోకీ ఎక్కించాను. రెండో రోజు మధ్యంతర రివ్యూలో అది నా పేరుతో గోడ మీదుంది.

సార్ చాలాసేపు చూశారు. "ఇల్లు సూసొచ్చి గీసిన గీత అమ్మా గిది" అన్నారు. అందరినీ పిలిచి చూపించారు. కిటికీ కుడివైపే ఎందుకని అడిగారు. గాలి అటునుంచి వస్తుందన్నాను. తలూపారు.

స్వరూప సోమవారం వచ్చింది. ఏమీ తెలియక తన షీటు పెట్టింది. సార్ ముఖం మాడిపోయింది. రెండు నోట్‌బుక్కులూ పక్కపక్కన పెట్టి తిప్పారు. ఇద్దరం ఒకే ఇంటికి పోయాం, రెంట్లోనూ ఒకే బొమ్మ. "ఎవలిది ముందు?" అని అడిగారు.

"ముందు నాదే పెట్టిన సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. ఇన్నేళ్లూ నేను పట్టుకుని వేలాడింది ఆ ముక్కనే. ముందు పెట్టింది నేనే కదా! సార్ అడిగింది అది కాదని నాకు తెలియదా? తెలుసు. ఆయన స్వరూపను సొంతంగా ఆలోచించడం నేర్చుకోమని అందరి ముందూ కడిగేస్తుంటే, నేను కింద పడని రబ్బరు కోసం టేబుల్ కింద వెతికాను.

సాయంత్రం బస్టాప్‌లో నా పక్కనే నిలబడింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. మామూలుగా మాట్లాడింది.

"మా అవ్వ ఎడమచేతి మనిషి. రాట్నం ఎడమచేత్తోటి తిప్తది, దారం కుడిచేత్ల వడ్తది. గందుకే కిటికీ కుడిదిక్కు వెట్టిన. అందరికైతే ఎడమదిక్కు గావాలె, లేకుంటె చెయ్యి నీడ దారం మీద వడ్తది. నువ్వు పొద్దంత మా ఇంట్ల కూసున్నవ్ గదనే, గంత కూడ సూడలేదా?"

"మరి సార్‌కు ఎందుకు చెప్పలే?" అన్నాను. ఏం గొంతుతో అడిగానో!

"నువ్వే చెప్తవని సూసిన" అంది. బస్సొచ్చింది, ఎక్కింది.

నాకు అప్పుడైనా మరుసటి రోజుంది. ఆ తర్వాత వారముంది. చెప్పలేదు. మిగిలిన కొద్ది రోజుల్లో స్వరూప ఏదో ఇంకో ఇల్లు గీసింది, ప్రాణం లేనిది. బయటివాళ్లొచ్చి మార్కులేసే ఆఖరి జ్యూరీలో తప్పింది, ఆ స్టూడియో మళ్లీ చదివింది. జ్యూరీకి హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద ఆర్కిటెక్ట్ మా క్లాసులో ఒక్కరిని తన ఆఫీసులోకి తీసుకుంటానన్నాడు. ఆ అరుగు చూసి నన్ను తీసుకున్నాడు. నా బతుకు అక్కడినుంచి మొదలైంది. స్వరూప ఇప్పుడు మందమర్రిలో ఇళ్ల పర్మిషన్ ప్లాన్లు గీస్తుందని విన్నాను. వాళ్లమ్మకు ఇల్లు కట్టిందో లేదో తెలియదు. అడిగే ముఖం నాకు లేదు.

నిరుడు ఒక నేత కుటుంబం ఇల్లు కట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చింది. నేను గీసింది ఏమిటో మీరు ఊహించే ఉంటారు. కిటికీ ఎడమవైపు పెట్టాలని స్వరూప నోటితోనే విన్నాను కదా, ఆ సంగతి ఎలా మరిచాను? పాత షీటు తీశాను, కొలతలు మార్చాను, సైటుకు పంపాను. చేతికి అలవాటైపోయింది. దొంగసొమ్మును అన్నేళ్లు నాదనుకుంటే నాదే అయిపోయింది.

గృహప్రవేశమైన నెలకు చూడ్డానికి వెళ్లాను. ఆ ఇంటి పెద్దావిడ అరుగు మీద కూర్చుని రాట్నం తిప్పుతోంది, కుడిచేత్తో. ఎడమవైపు వెలుతురు కావాలి కాబట్టి పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది. వెనకాల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆవిడ లేచి గిన్నె దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నావైపు తిరిగింది. కోపమేం లేదు.

"అన్ని మంచిగ వెట్టినవ్ గని బిడ్డా, గీ కిటికీ నాకు అక్కెరకు రాదు. ఎవలి కోసం గట్టినవ్ గిది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఎవరి కోసమో నాకు తెలుసు. హుస్నాబాద్ అవతల ఒక ఎడమచేతి అమ్మ కోసం. చాయ్ ఇచ్చి, సప్పుడుకు దూరంగా కూర్చోమన్న మనిషి కోసం. ఆవిడ కూతురు గీసింది, నేను కాదు. ఆ మాట అక్కడ అనలేకపోయాను. గాలి కోసం పెట్టానన్నాను, మళ్లీ.

మేస్త్రీని పంపి ఆ కిటికీ మార్పించాను. దాంతో ఏం తీరింది? ఏమీ తీరలేదు. క్షమించమని ఇది రాయడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు.

స్వరూప పేరు మార్చకుండా రాశాను. ఆ అరుగు ఇకనైనా ఆమె పేరు మీద ఉండాలి. నా పేరు మాత్రం రాయలేదు. అంత ధైర్యం ఇంకా రాలేదు. ఈ ఒక్క ముక్క రాయడానికే పదకొండేళ్లు పట్టింది: సార్, ముందు పెట్టింది నేను, గీసింది స్వరూప.