పొంగనివ్వాలి టీచర్‌గారూ

మా పక్క పొలం దేవమణి టీచర్‌ది. మొండి మనిషి. రిటైరయ్యాక వత్సవాయి అవతల పత్తిచేల మధ్య ఇల్లు కట్టుకుని, కరెంటు తీగ మాత్రం తన గడప తొక్కకూడదంది. సోలార్ దీపాలు, చేదబావి, కట్టెలపొయ్యి, ఒక గేదె. అన్నీ ఉన్నాయి, మాట్లాడే మనిషే లేదు.

తమ్ముడు కృపారావు జగ్గయ్యపేట నుంచి వచ్చి తేల్చి చెప్పాడు.

"వానలు పడేలోగా ఎవరైనా తోడు దొరికితే సరే అక్కా. లేకపోతే గేదెని అమ్మేసి మా ఇంటికొచ్చెయ్. ఒక్కదానివి జారిపడితే ఎవరు చూస్తారిక్కడ?"

అందులో తప్పుపట్టడానికేమీ లేదు. అందుకే ఆవిడకి ఒళ్లు మండింది.

తనలాగే బతకాలనుకునేవాళ్లు రావచ్చని వాట్సాప్‌లో కబురు పెట్టింది. చర్చి ఆడవాళ్లు వచ్చి, ప్రార్థన చేసి, చేపల పులుసు తిని, చీకటి పడకముందే ఆటో ఎక్కేశారు. హైదరాబాద్ నుంచి వచ్చిన జంట గేదెతో ఫొటోలు దిగి, ఏసీ ఎక్కడ పెట్టించుకోవచ్చని అడిగింది. నాకు నవ్వొచ్చింది గాని టీచర్ ముఖం చూసి మింగేశాను.

చివరికి భవానీప్రసాద్, రాజ్యశ్రీ దంపతులు వచ్చారు. ఆయన నందిగామలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఊరందరికీ కరెంటిచ్చినవాడికి ఇక్కడేం పనని అడిగాను.

"రిటైరైనా వదలట్లేదండి. గాలేస్తే చాలు, కరెంటు పోయిందని ఫోన్లు. ఇక్కడైతే పోడానికి కరెంటే లేదు కదా" అన్నాడు.

రాజ్యశ్రీ మాత్రం సంచీ విప్పలేదు. "కొన్నాళ్లు చూసి చెప్తానండి" అంది. ఆ కొన్నాళ్లూ టీచర్ ఎంత అణకువగా మసలుకుందో చెబితే ఆవిడ పాత విద్యార్థులు నమ్మరు.

మబ్బులు కమ్మాయి, రాజ్యశ్రీ ఇంకా ఏ మాటా తేల్చలేదు. గేదెని బేరం పెట్టిన కృపారావు ఒక పొద్దున ట్రాలీ ఆటోతో దిగాడు. అప్పటికే రాజ్యశ్రీ తలస్నానం చేసి, పొయ్యికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పాలగిన్నె ఎక్కించింది. పాలు అంచుదాకా వచ్చాయి. టీచర్ పరుగున వెళ్లి చెంగుతో పట్టుకుని గిన్నె దింపేసింది. ఒక్క చుక్క పాలు పోనివ్వని చెయ్యి అది.

"అయ్యో, పొంగనివ్వాలి టీచర్‌గారూ. ఇంట్లో చేరేటప్పుడు పాలు పొంగిస్తాం కదండీ" అంది రాజ్యశ్రీ.

కొత్తింటికి ప్రార్థన పెట్టించుకున్న మనిషికి ఆ సంగతి ఎక్కడానికి కాస్త టైం పట్టింది. ఎక్కాక ఏడ్చేసింది. గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టి, తనే గొట్టం పట్టుకుని ఊదింది. పాలు పొంగి మంట సగం ఆరిపోయినా ఊదుతూనే ఉంది.

కృపారావు బయటికెళ్లి ఖాళీ ఆటోని వెనక్కి పంపేశాడు.