కంగారూ తోకకు చోటు

పెద్ద కోడిగుడ్డు ఆకారం ఒకటి, దాని మీద కాస్త ముందుకు వాలినట్టు చిన్న కోడిగుడ్డు, ఆ పైన నిమ్మకాయంత తల. మూడింటినీ చుక్కల గీతలతో గీసి, పెన్సిలు చెవి మీద దోపుకుని, ఆయన కాగితాన్ని చేయి చాచినంత దూరం పెట్టి చూశాడు.

వీధిలో అందరూ ఆయన్ని బోర్డుల మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు, ఏ బడిలోనూ బొమ్మలు నేర్చుకోలేదు. పదహారో ఏట మందుల షాపు బోర్డు మీద వెలిసిపోయిన అక్షరాలు దిద్దడంతో మొదలైన పని ముప్ఫై ఏళ్లు ఆగలేదు. బజారులో సగం దుకాణాల పేర్లు ఆయన చేతి రాతే. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున చెబితే సాయంత్రానికి బోర్డు చేతికొస్తుంటే, మూడు రోజులు నిచ్చెన మీద నిలబడే మనిషితో ఎవరికి పని? బ్రష్షులు కడిగి గుడ్డలో చుట్టిపెట్టి మూడేళ్లయింది. అప్పటి నుంచి అన్నం తిన్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియడం లేదు.

అలాంటప్పుడు అక్క కూతురు ఈ కబురు తెచ్చింది. ఆమె ఒకటో తరగతి టీచరు. వాళ్ల బడి చిన్నపిల్లలకు బొమ్మలు గీయడం నేర్పే పుస్తకం ఒకటి వేయిస్తోంది. ఇరవై నాలుగు జంతువులు, పేజీకి ఒకటి, మెట్టుమెట్టుగా. ముందుగా కంగారూ వేసి చూపించమన్నారు. అది కుదిరితే పుస్తకమంతా ఆయనదే. లేకపోతే ప్రెస్సువాళ్లే కంప్యూటరులో చేసిస్తారు.

"ఒక్కటే షరతు మామయ్యా. పేజీ చూసి పిల్లలు వాళ్లంతట వాళ్లే గీయాలి. నేనూ మాట్లాడకూడదు, నువ్వూ మాట్లాడకూడదు."

"మాట్లాడమంటేనే కదే నాకు కష్టం," అన్నాడాయన.

కూరగాయలు తరుగుతున్న భార్య తల ఎత్తకుండానే అడిగింది. "ఇంతకీ కంగారూని ఎప్పుడైనా చూశారా?"

"విమానం ఆఫీసుకి బోర్డు రాసినప్పుడు విమానం ఎక్కానా?"

సోమవారం బడిలో పేజీ నకళ్లు పంచారు. ముప్ఫైమంది పిల్లలు తలలు వంచారు. మాస్టారు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పావుగంట గడిచినా పెన్సిళ్ల చప్పుడు వింతగా ఉంది. గీత గీసిన చప్పుడు కాదు, టిక్కు టిక్కుమని వడగళ్లు పడుతున్నట్టు. ఆయన మెల్లగా ముందుకు వంగి చూశాడు. పిల్లలు గీతలు గీయడం లేదు. చుక్కలు పెడుతున్నారు.

"టీచర్, గుడ్డుకి నలభై పెట్టాను. ఇంకా ఎన్ని?" అడిగింది మొదటి బల్ల పిల్ల.

మేనకోడలు మేనమామ వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. గంట కొట్టేసరికి ముప్ఫై కాగితాల నిండా చుక్కలే. కంగారూ ఒక్కటీ లేదు.

హెడ్మిస్ట్రెస్ మెత్తని మనిషే. "బొమ్మ బాగుంది మాస్టారూ. మీరు వేస్తే బాగుంటుందని తెలుసు. వాళ్లు వేస్తే ఎలా ఉంటుందన్నదే నా బాధ. శుక్రవారం బి సెక్షన్‌లో ఇంకోసారి చూద్దాం. ఆ తర్వాత ప్రెస్సు ఆగదు."

చుక్కలు తీసేసి సన్నని గీతలతో మళ్లీ వేశాడు. గురువారం మేనకోడలు తన తరగతిలోనే నలుగురైదుగురిని కూర్చోబెట్టి ఆ పేజీ ఇచ్చింది. గుడ్లు చక్కగా పడ్డాయి. కాళ్లూ చెవులూ కూడా వచ్చాయి. చివరి మెట్టు తోక. అక్కడికొచ్చేసరికి ఒకడి తోక జడలా పైకి తిరిగింది. ఇంకొకడిది బెత్తెడు కూడా లేదు, కుందేలనుకోవాలి. మొన్న చుక్కలు లెక్కపెట్టిన పిల్ల మాత్రం తోకను సాంతం గీసింది. సగం కాగితం మీద, సగం బల్ల మీద.

కాగితాలు తీసుకున్నాక మాస్టారు ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు. "ఏమ్మా, బల్ల మీదికి వెళ్లావేం?"

"కాగితం అయిపోయింది తాతా."

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. పిల్ల రాత మొదలుపెట్టినట్టే బొమ్మ కూడా ఎడమ అంచు నుంచి మొదలుపెట్టింది. మిగతావాళ్లూ అంతే. తోక వెళ్లాల్సింది ఆ అంచు వైపే. తాను వేసిన మొదటి బోర్డుల్లో ఒకటి గుర్తొచ్చింది. సైకిలు షాపుది. మొదటి అక్షరాలు దర్జాగా రాసుకుంటూ పోయి, చివరి రెండింటినీ రద్దీ బస్సులో మనుషుల్లా ఇరికించాడు. షాపతను చూసి, "ఇదేంటయ్యా, నా పేరుకి ఊపిరాడటం లేదు," అన్నాడు. అప్పటి నుంచి నిచ్చెన ఎక్కగానే ముందు చివరి అక్షరానికి గుర్తు పెట్టుకున్నాకే మొదటిది ముట్టుకునేవాడు. ఇన్నేళ్లూ తన చేతికి తెలిసిన సంగతి ఈ పేజీలో పెట్టడం మరిచిపోయాడు.

ఆ సాయంత్రం బొమ్మ మొదటి మెట్టుగా తోక ఒక్కటే వేశాడు. కాగితం ఎడమ మూల నుంచి నేలంటా సాగే పొడుగాటి ముల్లంగి ఆకారం. రెండో మెట్టు, దాని ముందు చెప్పు అడుగులాంటి పాదం. మూడో మెట్టులో ఆ రెండింటి మీదా పెద్ద గుడ్డు కూర్చుంది. ఆ తర్వాతే చిన్న గుడ్డు, తల, చివరగా చెవులూ సంచీ.

మేనకోడలు పెదవి విరిచింది. "తోకతో మొదలెట్టే బొమ్మ ఎక్కడైనా ఉందా మామయ్యా? అదేంటో వాళ్లకి అర్థం కాదు."

"అర్థం కాకపోతే పోనీ. చోటుంటే చాలు."

అన్నాడే గాని రాత్రంతా అదే మాట ఆయన్ని కూడా తొలిచింది.

శుక్రవారం బి సెక్షన్. ఈసారి హెడ్మిస్ట్రెస్ కూడా వచ్చి బల్లల మధ్య నిలబడింది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పామురా," అన్నాడొకడు పక్కవాడితో.

"పాముకి చెప్పులుంటాయా?"

"మూడో మెట్టు దాకా వెయ్యి, తెలుస్తుంది."

గుడ్డు పడింది. ఇంకో గుడ్డు పడింది. తల వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గది నిండా పెన్సిళ్లు బరబరా సాగుతున్న చప్పుడే. ఒక కంగారూకి మెల్లకన్ను, ఒకదానికి ఏనుగు చెవులు, ఒకటైతే మూడు నెలలుగా తింటూనే ఉన్నట్టుంది. కానీ అన్నీ తోకల మీద ఆనుకుని నిటారుగా నిలబడ్డాయి. ఒక్క తోకా కాగితం దాటలేదు.

హెడ్మిస్ట్రెస్ ఒక కాగితం తీసింది. "ఇందులో ఏమిటిది?"

"సంచీ మేడం. లోపల రబ్బరు పెట్టాను, పోకుండా."

ఆమె నవ్వు ఆపుకుంటూ మాస్టారు దగ్గరికొచ్చింది. "తోక ముందెందుకు పెట్టారు?"

"ఎక్కువ చోటు కావాల్సింది దానికేనండీ. అది కూర్చుంటే మిగతావి సర్దుకుంటాయి."

"మిగతా ఇరవై మూడు కూడా మీరే సర్దండి. ఇది మాత్రం మధ్యాహ్నానికి ప్రెస్సుకి వెళ్లాలి."

పిల్లలు బయటికెళ్లాక ఆయన చివరి బల్ల మీద అసలు కాగితం పరిచాడు. సన్నని బ్రష్షును నల్ల సిరాలో ముంచి, సీసా అంచుకు తుడిచి, ఊపిరి బిగబట్టి తోక మీద గీత లాగాడు. ఎక్కడా ఆగలేదు. ఆరు మెట్లూ అయ్యాక కింద అంకెలు వేసి, కాగితం లేపి రెండు చేతులతో హెడ్మిస్ట్రెస్‌కి అందించాడు.

"తడి ఆరలేదండీ. అంచులు పట్టుకోండి."

ఆమె అంచులు పట్టుకుని, కాగితాన్ని పళ్లెంలా మోసుకుంటూ ఆఫీసు గది వైపు నడిచింది.