మైలుతుత్తం పొట్లం

మా అత్త వరదమ్మకు పులిసిన వాసనంటే పగ. గుడియాత్తంలో లుంగీల మగ్గం మీద ఒంటిచేత్తో సంసారం ఈదిన మనిషి. పడుగుకు పెట్టే గంజి పులవకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వెయ్యడం ఆమె చేతికి పట్టిన అలవాటు. ఒకసారి ఆ చిటికెడు మరిచిపోతే గంజి పులిసి, పడుగంతా బూజు పట్టి, చివరికి మగ్గమే అమ్ముకోవలసి వచ్చిందట. మగ్గం పోయినా ఆ నీలం రాళ్ళ పొట్లం మాత్రం ఇంకా ఆమె కొంగునే ఉంది.

మగ్గం ఉన్న చోటే నేనిప్పుడు పనీరు చేసి అమ్ముతున్నాను. విరిగిన పాల నుంచి దిగే నీళ్ళు కాలువలోకి వదిలితే వీధంతా కంపు. ఇంకోసారి వదిలితే కొట్టుకు తాళమేనని మునిసిపాలిటీవాళ్ళు చెప్పి పోయారు. కాట్పాడిలో చదువుకుంటున్న మా అన్న కూతురు సింధుజ ఒక దారి చెప్పింది. ఆ నీళ్ళను బ్యాక్టీరియాతో పులియబెడితే తోళ్ళు పదును చేసే షాపులకు పనికొచ్చే లాక్టిక్ ఆమ్లం వస్తుందట. డ్రమ్ములో తోడు వేసి పోయింది.

పులిస్తేగా! మొదటి డ్రమ్ము చప్పగా ఉండిపోయింది. రెండోదీ అంతే. ఈ ఎండలకు ఇంట్లో ఇడ్లీ పిండి మూత తన్నుకొని పొంగుతుంటే, ఈ మాయదారి డ్రమ్ముకు మాత్రం చలనం లేదు. ఒళ్ళు మండి సింధుజను ఫోనులో దులిపేశాను. "మీ చదువులు కాగితం మీదే పులుస్తాయి" అన్నాను. పాపం, ఆ పిల్ల ఏడ్చింది.

మరునాడు పొద్దున చూస్తే అత్త డ్రమ్ములోకి వంగి ఉంది. వేళ్ళు నీలంగా ఉన్నాయి.

"ఏం చేస్తా ఉండావత్తా?"

"కెట్టుపోతా ఉండాదమ్మా. నేను చూసుకోకపోతే ఎవురు చూస్తారు? దినామూ ఇంత వేస్తా ఉండాను."

కెట్టుపోవడమంటే మా పక్క చెడిపోవడం. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"అది కెట్టుపోవాలనే కదా అందరం కాచుకోనుండేది! నీ మందుకు లోపలుండే జీవాలన్నీ చచ్చినాయి. కొట్టుకు తాళం పడితే ఏం తింటాము?" అని అరిచేశాను.

సింధుజను బతిమాలి, కొత్త డ్రమ్ములో మళ్ళీ తోడు వేయించాను. ఈసారి మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. సింధుజ గంతేసింది. అత్త దూరంగా కొంగు పిడికిట్లో బిగించుకుని నిలబడింది. అమ్ముకున్న మగ్గం ఆమె కళ్ళలో కదిలినట్టుంది. అంత అరిచినందుకు నొచ్చుకుని, పోయి ఆమె పక్కన నిలబడ్డాను.

"కెట్టుపోయినాదా?" అంది.

"బాగా కెట్టుపోయినాదత్తా. ఇంక తాళం పడదు."

ఆమె కొంగుముడి విప్పి పొట్లం నా చేతిలో పెట్టింది.

"దీన్ని యాడన్నా నాకు కనపడకుండా పెట్టమ్మా. మనసు వింటాది, ఈ చెయ్యే వినదు."