రూతమ్మ గారు ఆడిన అబద్ధం

కిరసనాయిలు వాసన ఇప్పుడు ఎవరింట్లోనూ రాదు. అయినా నిన్న మధ్యాహ్నం విజయనగరంలో ఒక సందులో నడుస్తుంటే ఒక్కసారిగా గుప్పుమంది. ఒక మెకానిక్ రోడ్డు పక్కన పీట వేసుకుని బండి చైన్‌ను పాత బ్రష్షుతో తోముతున్నాడు. నల్లటి మడ్డి కింద పరిచిన కాగితం మీదికి కారుతోంది. నా దారిన నేను పోవచ్చు కదా! ఆగి, "లోపలి వైపు కూడా తోమండి, మట్టి దాక్కునేది అక్కడే" అన్నాను. ఆయన తలెత్తి, "మీకు బండి గురించి తెలుసేటమ్మా?" అన్నాడు. తెలుసు. నాకు నేర్పిన మనిషి పేరు రూతమ్మ. ఆమె ఎలా పోయిందో మా వైపు చాలామంది చెబుతారు. వాళ్ళు చెప్పేది తప్పు. ఆ తప్పు నా వల్ల పుట్టింది కనుక దిద్దవలసిందీ నేనే.

పన్నెండేళ్ళ క్రితం నరసన్నపేట అవతల ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరాను. చేతిలో డిగ్రీ ఉంది, నోరు అంతకంటే పెద్దది ఉంది. రూతమ్మ గారు మా సూపర్‌వైజరు. బాప్టిస్టు కుటుంబం, తల్లీ తండ్రీ కూలి చేసి చదివించారు. యాభై దాటినా తెల్లకోటు కింద ప్యాంటు తొడుక్కుని, పాత మోటారు సైకిలు వెనక టీకాల ఐసు పెట్టె కట్టుకుని, బస్సు మొహం చూడని ఊళ్ళన్నీ తిరిగేవారు. ఆమెను చూసి నవ్విన మగవాళ్ళ పిల్లలకు కూడా ఆమే సూదులు వేశారు.

నా మొదటి వారంలోనే ఒక ముసలామె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నా మనవడికి సూదెయ్యనీను. జొరమొస్తాది" అంది. నేను అరగంట వాదించాను. చదువుకున్న సైన్సంతా ఒప్పజెప్పాను. ఆమె పిల్లవాణ్ణి తీసుకుని లోపలికి పోయి తలుపేసుకుంది.

"గెలిసేవా?" అన్నారు రూతమ్మ గారు.

"మరి? ఒక్క మాటకు బదులు చెప్పలేకపోయింది."

"సూది పడ్డాదా?"

తలుపు ఇంకా మూసే ఉంది. రూతమ్మ గారు వెళ్ళి ఆ ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగారు. "జొరం వస్తాది అప్పా, నిజమే. వొస్తే నాకు ఫోన్ సెయ్యి. ఏ ఏలప్పుడైనా ఎత్తుతాను" అన్నారు. పావుగంటలో పిల్లవాడు రూతమ్మ గారి ఒడిలో ఉన్నాడు. తిరిగి వస్తుంటే నాతో అన్నారు: "నీ నోటికి పదునుందే కుమారీ. పిడి నేదు. ఎవులు పట్టుకున్నా తెగుతాది."

బండి కొనుక్కోమని పోరింది కూడా ఆమే. "ఎన్నాల్లని ఆటోల కోసం సూస్తావు?" అని నన్ను విజయనగరం తీసుకుపోయారు. షాపతను నన్ను ఎగాదిగా చూసి, "మేడమ్‌కి స్కూటీ సూపించమంటారేటి?" అన్నాడు. "మీ ఆవిడికి సూపించు బాబూ. మాకు బురదలో ఎల్లే బండి కావాల" అన్నారు రూతమ్మ గారు. నా కన్ను ఎర్రగా, ఎత్తుగా ఉన్న ఒక పెద్ద బండి మీద పడింది. ఆమె అతణ్ణి ఒప్పించి బండ్లను బయట మట్టిలోకి దింపించారు. నా రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. ఎక్కి కూర్చుని కాళ్ళతో వెనక్కి నెట్టగలగాలి. చివరికి పెద్ద బండిని పక్కకు ఒరిగించి, "ఇప్పుడు లేపు" అన్నారు. లేవలేదు. చెమటలు పట్టాయి. షాపతను నవ్వాడు. "నవ్వకు. సేనులో పడితే నువ్వు రావు కదా లేపడానికి" అని, ఒక సాదా చిన్న బండి చూపించారు. నల్లది. అందం లేదు. అది లేచింది.

తర్వాత ప్రతి శనివారం మధ్యాహ్నం, టీకాల పని అయ్యాక, ఆరోగ్య కేంద్రం వరండా పక్కన నాకు పాఠం. చైన్ తోమి, ఆరబెట్టి, నూనె వేయాలి. బొటనవేలితో ఎత్తి ఎంత వదులుందో చూడాలి. ఇంజనాయిల్‌ను రెండు వేళ్ళ మధ్య రాసి చూడాలి. కాలువ దాటాక తడి బ్రేకును రెండుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టాలి. నేను ప్రతిదానికీ ఎందుకని అడిగేదాన్ని. సగం వాటికి చెప్పేవారు. మిగతా వాటికి, "ముందు నోరు కట్టేయే. బండిలో ఏదో కొట్టుకుంటన్నాది, ఇననీ" అనేవారు.

ఒక్క విషయంలోనే నేను ఆమె మాట వినలేదు. వెనక చక్రానికి ఎడమ పక్క, చీర చిక్కుకోకుండా, శారీ గార్డని ఒక ఇనుప చట్రం ఉంటుంది. కొన్న నెలకే దాన్ని విప్పించేశాను. ఆమె చూసి, "గార్డేదే?" అన్నారు.

"తీయించేశాను. అసలు దాని అర్థమేమిటి మేడమ్? నడిపేది మగవాడు, వెనక ఒక పక్కకు ఒదిగి కూర్చునేది ఆడది అనేగా? నా బండి నడిపేది నేను. నేను కట్టేది చీర కాదు."

"అయితే నీ ఎనక ఎవులినీ ఎక్కించుకోవా?"

"ఎక్కించుకున్న రోజు చూద్దాం."

"ఎక్కినాక సూసేదేటే, తిక్కదానా!"

ఆ తర్వాత మూడుసార్లు గుర్తుచేశారు. మూడుసార్లూ నా దగ్గర జవాబుంది. ఆ వాదన తప్పు కాదని ఇప్పటికీ అంటాను. కానీ వాదన వేరు, చక్రం వేరు.

ఆ వానాకాలం ఊళ్ళకు ఊళ్ళు జ్వరాలతో పడుకున్నాయి. రూతమ్మ గారికీ వచ్చింది. జ్వరం తగ్గింది కానీ మోకాళ్ళు వాచిపోయి ప్యాంటు ఎక్కక, చీర కట్టుకుని పనిలోకి వచ్చారు. ఆ రోజు బుధవారం, శనివారంలాగే టీకాల రోజు. "నువ్వెల్లిపో, నేను ఆటోలో వొస్తాను" అన్నారు. "ఆటో వచ్చేసరికి పెట్టెలో ఐసు కరుగుతుంది. కూర్చోండి, మెల్లగా తీసుకెళ్తాను" అన్నాను. ఆమె చక్రం వైపు చూశారు. "గార్డు ఎట్టించనేదు కదే." "నాలుగు కిలోమీటర్లు మేడమ్. చీర దగ్గరగా పట్టుకోండి చాలు."

కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకున్నారు. లాగి చూసుకున్నారు. మోకాళ్ళు మడత పడక ఒక పక్కకే కూర్చున్నారు. ఐసు పెట్టె ఒడిలో పెట్టుకున్నారు. రెండు చేతులతో పెట్టె పట్టుకున్న మనిషి చీర దేంతో పట్టుకుంటుందని నాకు తోచలేదు.

కల్వర్టు దాటాక బండిని వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టయింది. ఆ వెంటనే వెనక బరువు లేదు. దిగి చూస్తే ఆమె రోడ్డు మీద ఉన్నారు. చీర కింది అంచు చువ్వల్లోకి, చైన్‌లోకి మెలిపడి, మోకాళ్ళ దాకా లాక్కుపోయింది. దోపుకున్న కొంగు దోపుకున్నట్టే ఉంది. గట్టు మీద గడ్డి కోస్తున్న మనిషి పరుగెత్తుకొచ్చి కొడవలితో చీర కోశాడు. తల వెనక నుంచి రక్తం. ఆమె అడిగిన మొదటి మాట: "పెట్టె మూతూడిందేటే?"

ఆసుపత్రిలో కానిస్టేబులు వచ్చి, ఎలా జరిగిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పారు. "కొంగు గాలికెగిరిపోనాది బాబూ. నేనే సూసుకోనేదు. ఈ పిల్ల తప్పేటీ నేదు." చెప్పి నా వైపు చూశారు. పుట్టి బుద్ధెరిగాక నేను ఎదుటివాళ్ళ మాటకు మాట అడ్డం వేయకుండా ఉన్నది అదే మొదటిసారి. అతను రాసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటికి ఆమెకు తెలివి తప్పింది. నాలుగో రోజు పోయారు.

పోలీసుల నుంచి బండి నా చేతికి వచ్చిన రోజే గార్డు బిగించాను. భద్రత కోసం కాదు, ఎవరికీ అనుమానం రాకుండా.

అప్పటికి ఆమె దగ్గర మరో ఇద్దరు ఆడపిల్లలు బండి నేర్చుకుంటున్నారు. వాళ్ళ ఇళ్ళలో మాన్పించేశారు. "ఊరందరికీ బుద్దులు సెప్పిన రూతమ్మే కొంగు సూసుకోనేకపోనాది. ఆడోల్లకి బండ్లెందుకు?" అన్న మాట టీ కొట్ల దగ్గర నా చెవులతో విన్నాను. ముప్పై ఏళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరిగిన మనిషి, నిర్లక్ష్యానికి ఉదాహరణగా మిగిలింది. అన్నిటికీ వాదించే నేను టీ తాగి, గ్లాసు పెట్టి వచ్చేశాను.

ఏడాది నిండాక చర్చిలో ఆమె జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆమె గురించి సాక్ష్యం చెబుతున్నారు. నన్నూ లేపారు. బాగా మాట్లాడాను. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. బయటికి వచ్చాక ఆమె కూతురు స్వర్ణ నా రెండు చేతులూ పట్టుకుంది. అప్పట్లో ఎచ్చెర్లలో చదువుకునేది.

"అమ్మ కొంగు దోపుకోకుండా గుమ్మం దాటేది కాదండీ. ఆ ఒక్కరోజు ఎలా మర్సిపోయిందో నాకు ఎంత ఆలోసించినా తెలటం లేదు."

"మర్చిపోలేదు" అన్నాను. మొత్తం చెప్పాను. అడ్డు రాకుండా విన్నది.

"ఆ గార్డుకి ఎన్ని బోల్టులుంటాయండీ?" అంది చివరికి.

"మూడు."

"మూడేనా" అని నా చేతులు వదిలేసింది. తర్వాత, "ఇప్పుడు లోపలికెల్లి, ఇందాక మాటాడిన సోటే నిలబడి ఇది సెప్పండి" అంది.

"భోజనాలు మొదలుపెట్టారు కదమ్మా" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఆ పిల్ల నా ముఖంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే హక్కు నాకు లేదు.

కొత్తగా చేరే నర్సులకు ఇప్పుడు నేను బండి నేర్పుతున్నాను. క్లచ్చూ బ్రేకులూ చూపించేముందు ఇదంతా చెబుతాను, పేర్లతో సహా. ఎవరో ఒకరు, "మేడమ్, అది మీరేనా?" అని అడుగుతారు. నేనే అంటాను. కొందరు మర్నాటి నుంచి నా దగ్గరకు రారు, ఇంకెవరి దగ్గరో నేర్చుకుంటారు. వాళ్ళను వెనక్కి పిలవను. వాళ్ళు ఎక్కడ నేర్చుకున్నా, రూతమ్మ గారి మాట వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపి, అలా కాదు జరిగింది అని చెబుతారు.